ఎదురుకాళ్ల సాయవ్వ, ఒత్తని చెయ్యి

ఆ దినం పొద్దుగాల నేను బీడీ కార్ఖానల లైన్ల నిలవడ్డ. నెత్తి మీది గంప దింపి కాళ్ల దగ్గర పెట్టుకున్న. నా ముంగట ఇంక ఆరుగురు ఉన్నరు. గప్పుడే ఫోన్ మోగింది. సాయవ్వ బిడ్డ లలిత.

"అక్కా, అవ్వ పోయింది."

నేనేమన్ననో తెలుసా? "నేను వస్తున్ననని చెప్పు లలితా. ఇంకొక్క అర్ధగంట. బీడీలు అప్పజెప్పి సీద గాడికే వస్త" అన్న. ఫోన్ల లలిత ఎనుకకెల్లి ఎవరో ఏడుస్తున్న సప్పుడు వచ్చింది. గప్పుడు సమజైంది. గంప గాడనే ఇడిసిపెట్టి ఉరికిన. ఉరుకుతుంటే నా మెడల, ఎడమ భుజం కింద, రెండేండ్ల సంది సప్పుడు లేకుండ పండుకున్న నొప్పి ఒక్కసారి లేసి కూసున్నది. ఇయ్యాల్టి దాక మల్ల పండలె. గీ కాయితం మీద వంగి రాస్తుంటే గూడ అది నా మీద కూసోనే ఉన్నది.

నా పేరు రాజమణి. ఎడపల్లిల ఉంట. నాలుగో తరగతి పాసైన. ఐదుల సగంల బడి బంద్ పెట్టిచ్చిండ్రు. సంతకం పెట్టుడు తప్ప ఇన్నేండ్లల నేను రాసింది ఏం లేదు. మా మహిళా సంఘం అక్క వచ్చి, "సాయవ్వ మీద చిన్న బుక్కు ఏస్తున్నం, నెల మాసికం నాడు పంచుతం, నువ్వు గూడ రాయి" అన్నది. "నాకు రాదక్కా" అన్న. "మాట్లాడినట్టే రాయి. గామె చేతి కింద నువ్వు కూసున్నన్ని దినాలు ఎవ్వరు కూసోలె" అన్నది. నేను మొదలు పేపర్ల రాసినట్టు రాసిన. తీరని లోటు అని రాసిన, పుణ్యమూర్తి అని రాసిన. సదువుకుంటే గండ్ల సాయవ్వ ఎక్కడ లేదు. చింపేసిన. గిది నాలుగో కాయితం.

సాయవ్వ బోధన్‌ల పుట్టింది, బోధన్‌లనే పోయింది. వాళ్ల బాపుకు చెరుకు బండి ఉండె. ఎడ్ల బండ్ల మీద చెరుకు ఫ్యాక్టరీకి పోయిన కాలం అది. సాయవ్వ తల్లి కడుపులకెల్లి తలకాయతోని కాకుండ కాళ్లతోని బయటికి వచ్చింది. గట్ల పుట్టినోళ్లను మా దిక్కు ఎదురుకాళ్లోళ్లు అంటం. నడుము పట్టినోళ్లను ఎదురుకాళ్లోళ్లు ఎనుకకెల్లి తంతే పట్టు ఇడుస్తదని నమ్ముతరు. ఇయ్యాల్టికి నమ్ముతరు. గందుకే సాయవ్వకు నడక రాంగనే ఊరు ఊరంత ఆమె కాళ్ల కోసం వచ్చింది.

"పెద్దపెద్దోళ్లు గోడకు చేతులు పెట్టి నడుము వంచి వరుసగ నిలవడుదురే" అని చెప్తుండె. "పటేల్ నిలవడె, పంతులు నిలవడె. నేను ఉరికొచ్చి ఫట్ ఫట్ తన్నుకుంట పోదును. తన్నినంక బెల్లం పెడుదురు. పటేల్‌ను తన్ని బెల్లం తిన్న ఆడివిల్ల ఇంకోతి ఉన్నదానే ఈ తాలూకల?"

గిది చెప్పి నవ్వేది. పై పన్ను ఒకటి లేదు, ఆ సందుల నాలిక కనవడేది. నవ్వు అయినంక మాత్రం చేతులు ఒళ్లె పెట్టుకొని కాళ్ల దిక్కు సూసేది. ఎందుకు గట్ల సూస్తదో నాకు మస్తు దినాలకు తెలిసింది.

పన్నెండేండ్లప్పుడు ఆమె మేనమామ వచ్చిండు. వాళ్ల బండి తోలేటోడు ఆయనే. చెరుకు మోపులు ఎత్తి ఎత్తి నడుము పట్టింది. "గట్టిగ తన్ను బిడ్డా, మామ అని సూడకు" అన్నడట. సాయవ్వకు మామ అంటే పాణం. మామ నొప్పి మొత్తం పోవాలె అని ఎన్నడు తన్ననంత గట్టిగ తన్నింది. ఆయన గోడ పట్టుకొని జారి కింద పడ్డడు. నెల దినాలు మంచంల ఉన్నడు. లేసినంక గూడ సీదగ నిలవడలె. బతికినన్ని దినాలు వంగే నడిచిండు.

"ఒక్క మాట అనలేదే రాజమణీ" అన్నది నాతోని. "తన్నుమన్నది నేనే గద బిడ్డా అని నన్నే సముదాయించెటోడు. రెండు తిట్లు తిట్టినా బాగుండు."

ఆ దినం సంది సాయవ్వ ఎవ్వరి మీద కాలు ఎత్తలె. జనం బతిలాడిండ్రు. వాళ్ల బాపు కొట్టిండు. ఎత్తలె.

మామ మంచంల బోర్ల పండుకొని మూలుగుతుంటే పక్కన కూసొని నడుము మీద చెయ్యి పెట్టి ఏడ్చేదట. ఒత్తనీకి భయం, బుగులు, మల్ల ఏమైతదో అని. ఊకె పెట్టి ఉంచేది. ఒక దినం మామ అన్నడట, "బిడ్డా, సైరన్‌కు బెదిరిన ఎద్దుకు మీ బాపు చెయ్యి పెడతడు సూడు, గట్లనే పెట్టినవ్. నాకు నిద్రొస్తున్నది" అని.

ఫ్యాక్టరీ సైరన్ మోగితే బండికి కట్టిన ఎడ్లు బెదురుతుండెనట. కొందరు ముకుతాడు పట్టి గుంజుదురు. గుంజినకొద్ది ఎద్దు ఇంక బిగుస్తది. సాయవ్వ బాపు గుంజకపోతుండె. మూపురం మీద అరచెయ్యి పెట్టి, తానే పెద్దగ ఊపిరి ఇడుసుకుంట నిలవడుతుండె. జరసేపటికి ఎద్దు గూడ ముక్కులకెల్లి బుస్సుమని ఇడుస్తది. మెడ దిగుతది. మామ నడుము సీద కాలె. కాని ఆ దినం మామ పొద్దు గూకేదాక పండుకున్నడు. సాయవ్వ సదువు గంతే. ఇంకో బడి లేదు.

ఇగ నా సంగతి. నేను ఆమె దగ్గరికి పోయేనాటికి నా నొప్పికి ఎనిమిదేండ్లు. బీడీలు చేసేటోళ్లకు చెప్పే పని లేదు, తెలువనోళ్లకు చెప్తున్న. చాట ఒళ్లె పెట్టుకొని, మెడ వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పెట్టి చుట్టుడు. పొద్దుగాల వంచిన మెడ బువ్వ తిననీకి లేపుడు, మల్ల వంచుడు. మొదలు మెడ గుంజింది. తర్వాత భుజం. తర్వాత ఎక్కడ నొప్పి అంటే ఎక్కడ లేదో చెప్పుడు అల్కగ ఉండె. ఆఖరికి చీర కొంగు తాకినా మంట. నా బిడ్డ బడికి పోతుంటే జడ ఎయ్యనీకి చేతులు లేవకపోతుండె. పిల్ల పక్కింటికి పోయి ఏపిచ్చుకొని వస్తుండె.

నిజామాబాద్ దావఖానకు తీసుకపోయిండ్రు. ఫోటోలు తీసిండ్రు. పెద్ద మిషన్ల పండవెట్టి గూడ తీసిండ్రు. "ఇందులో ఏం లేదమ్మా" అన్నరు. వాళ్లు మంచిమాటే చెప్పిండ్రు. కాని ఏం లేదు అన్న మాట ఇంటికి వచ్చేసరికి నేను యేషాలు ఏస్తున్నట్టు అయ్యింది. మా అత్త నలుగుర్ల అడిగింది, "ఫోటోల లేని నొప్పి నీ నోట్ల ఎట్లున్నదే?" అని. గింత బతుకు ఎందుకు అనిపించిన దినాలు ఉన్నయ్. రాయనీకి సిగ్గయితున్నది. కాని అది రాయకపోతే సాయవ్వ నాకు ఏం చేసిందో మీకు తెల్వది.

నేను ఆమె దగ్గరికి పోయింది తన్నిచ్చుకోనీకి. ఎడపల్లి కెల్లి ఆటోల పోయి వాకిట్ల పడ్డ.

"అవ్వా, నువ్వు ఎదురుకాళ్లదానివట. ఒక్క తన్ను తన్ను, నీ కాళ్లు మొక్కుత."

"నేను తన్నను బిడ్డా."

"ఎడపల్లి కెల్లి ఆటోల ఊగుకుంట వచ్చిన అవ్వా."

"మరి తన్నులు ఆటోలనే అయినయ్ గద. మల్ల నేనెందుకు?"

"తన్నకపోతే గట్టిగన్నా ఒత్తు."

"ఒత్తను."

"మరి ఏం చేస్తవ్?"

"ఏం చెయ్యను. కూసో."

నాకు మండింది. ఎనిమిదేండ్ల మంట అంత ఆమె మీద పోసిన. పేరుకే ఎదురుకాళ్లు, ఒక్క మనిషికి అక్కరకు రానివి, ఎందుకు పెట్టుకున్నవ్ అన్న. ఇంక రాయలేని మాటలు గూడ అన్న. ఆమె గడపల కూసొని తలకాయ ఊపుకుంట ఇన్నది.

"తిట్టు. మంచిగ తిట్టు" అన్నది. "తిట్టినప్పుడు నీ ఊపిరి బయటికి వస్తున్నది సూసినవా? వచ్చినప్పటి సంది లోపల్నే పట్టుకొని నిలవడ్డవ్."

నేను కూలవడ్డ. ఆమె పక్కకు వచ్చి కూసున్నది. చెయ్యి లేపి, నా మెడకు బెత్తెడు దూరంల ఆపి, "పెట్టాల్నా?" అని అడిగింది. నా పెయ్యిని, నా ఒంటిని అడిగి ముట్టినోళ్లు గప్పటిదాక ఎవ్వరు లేరు. మొగుడు అడగలె, సూదేసేటోళ్లు అడగలె. నేను తలకాయ ఊపిన. పిండి ముద్ద మీద తడిగుడ్డ కప్పినట్టు పెట్టింది. గంతే. బరువు లేదు. ఒత్తుడు లేదు.

"ఊదు" అన్నది. "ఊదుగొట్టంతోని పొయ్యి ఎట్ల ఊదుతవో గట్ల. పీల్చుడు సంగతి ఇడిసిపెట్టు, అది దానికదే వస్తది. ఊదుడు ఒక్కటే మన పని."

మస్తుసేపు ఏం కాలె. నేను మనసుల ఇంక తిట్టుకుంటనే ఉన్న. తర్వాత ఆవులింత వచ్చింది. ఇంకోటి వచ్చింది. తొడలు వణికినయ్. కండ్లకెల్లి నీళ్లు కారినయ్, ఏడుపు కాదు, ఊకె నీళ్లు. నా భుజాలు చెవుల దాక లేసి ఉన్నయని, అవి దిగినంక గని నాకు తెల్వలె.

"దిగింది" అన్నది సాయవ్వ. ఆమెకు గదే పెద్ద మాట. తగ్గింది అనకపోతుండె. దిగింది అంటుండె.

నేను అడిగిన, "అవ్వా, నా నొప్పి నిజమేనా, నేను యేషాలు ఏస్తున్ననా?" అని. ఆమె చెప్పింది నేను సచ్చేదాక మరువ.

"ఫోటో అబద్ధం చెప్పలె. నువ్వు గూడ అబద్ధం చెప్తలెవ్వు. ఎన్నడో నీకు తాకింది, పెయ్యి సైరన్ కొట్టింది. తాకింది మానింది. పెయ్యి మాత్రం సైరన్ బంద్ చేసుడు మరిసింది. ఫ్యాక్టరీ మూతవడి ఎన్నేండ్లాయె? నాకు ఇప్పటికి పొద్దుగాల సైరన్ టైముకే మెలకువ వస్తది, గుండె దడదడ కొట్టుకుంటది. ఏది, సైరన్ ఎక్కడున్నది? పెయ్యికి బుగులు వట్టింది బిడ్డా. బుగులు వట్టినదాన్ని తంతే పోతదా?"

ఒక్క దినంల కాలె. అది గూడ నిజం రాయాలె. పోయిన, వచ్చిన. తగ్గింది, మల్ల ఎక్కువైంది. వానలవడి రెండు వారాలు మంచం దిగలె, సాయవ్వ మీద గూడ నమ్మకం పోయింది. ఆమె ఏం అనలె. ఒక్క కట్ట బీడీలు కట్టినప్పుడల్లా చాట కింద పెట్టి, తలకాయ లేపి, వాకిట్ల దూరంగ ఉన్నదేదన్నా సూసి మూడుసార్లు ఊదుమన్నది. మా అత్త నవ్వింది, "గాలి ఊది బీడీలు ఆరవెడుతున్నదా మీ సాయవ్వ" అని. నేను ఊదిన. ఏడాది తిరిగినంక ఒకనాడు పొద్దుగాల నా బిడ్డకు రెండు జడలు ఏసిన. పిల్ల అద్దంల సూసుకొని, "ఒక జడ వంకర ఉన్నదే" అన్నది. నేను ఏడ్సిన. సాయవ్వకు ఫోన్ చేసి జడ వంకరైందని చెప్పిన. "వంకర జడ ఇప్పకు, గట్లనే తోలు బడికి" అన్నది.

ఆమె దగ్గరికి అందరు వచ్చేటోళ్లు. ఆంధ్ర కెల్లి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపుకెల్లి ఒకామె వచ్చింది, మెడల లావు గొలుసు. సాయవ్వ చెయ్యి పెట్టి ఊకె కూసుంటే ఆమెకు ఓపిక లేదు. "ఏంటమ్మా, నొక్కవేంటి? ఇలా చెయ్యేసి కూర్చోడానికేనా నేనింత దూరం వచ్చింది? మా వైపు నూనె రాసి ఎముకలు కటకటలాడేలా తోముతారు తెలుసా!" అన్నది.

"తోమనీకి నువ్వు గంజువా గిన్నెవా అమ్మా?" అన్నది సాయవ్వ.

గామె నోరు తెరిసి, తర్వాత పడీ పడీ నవ్వింది. గొలుసు గూడ నవ్వినట్టే ఊగింది. "సగం దిగింది పో" అన్నది సాయవ్వ.

చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర కెల్లి వచ్చే గుంపుల ఒక మరాఠీ అమ్మ ఉండె. తెలుగు ఒక్క ముక్క రాదు. సాయవ్వకు మరాఠీ బజార్ల కూరగాయలు కొనేంత వచ్చు. గా అమ్మ ముట్టుకుంటేనే ముడుసుకుపోయేది. "హళూ, హళూ" అనేది. మెల్లగ, మెల్లగ అని. సాయవ్వ వారం దినాలు ఆమెను ముట్టలె. పక్కన కూసొని తాను ఊదేది, గంతే. ఎనిమిదో దినం గా అమ్మనే సాయవ్వ చెయ్యి పట్టుకొని తన భుజం మీద పెట్టుకున్నది. గప్పటి సంది సాయవ్వ మా అందరికి గూడ "హళూ" అనుడు సురువు చేసింది. నేను ఆటో కోసం ఉరుకుతుంటే ఎనుకకెల్లి అరిసేది, "హళూ రాజమణీ, ఆటోవాడు వాని పెండ్లికి పోతలేడు!" అని.

ఒక్కటి మాత్రం గట్టిగ ఉండేది. కొత్తగ ఎవరొచ్చినా మొదలు మాట, "దావఖానకు పోయినవా? ఫోటో తీయిచ్చినవా?" అనేది. "నా చెయ్యి బుగులుకే. రోగానికి కాదు. రోగాన్ని నేను చెయ్యి పెట్టి దాస్తే నాది పాపం" అనేది. మా అత్త, ఫోటోల లేని నొప్పి అని నన్ను నవ్విన అత్త, ఒకసారి నడుము నొప్పి అని నాతోని వచ్చింది. సాయవ్వ చెయ్యి పెట్టి, నుదురు ముట్టి సూసి, ఎంబడే తీసింది. "గిది బుగులు కాదు. జరం గూడ ఉన్నది. ఇంటికి గూడ పోకుండ్రి, సీద దావఖానకు పోండ్రి" అన్నది. కిడ్నీల చీము వట్టింది. ఇంకో రెండు దినాలైతే బతకకపోతుండె అన్నరు డాక్టర్లు. అత్త ఇయ్యాల మా ఇంట్ల కూసొని, నేను గిది రాస్తుంటే సూస్తున్నది. "నా సంగతి గూడ రాయి" అన్నది. రాసిన అత్తా.

మా అందర్ని దావఖానకు తోలిన మనిషిని తోలెటోళ్లు ఎవ్వరు లేకపాయె.

పోయిన వానకాలం ఆమె గోడ పట్టుకొని లేసుడు నేను సూసిన. "ఏమైందవ్వా?" అన్న. "ముసల్దాన్ని అయిన గదనే" అన్నది. దసరాకు పోతే మంచం మీద ఒక పక్కకే ఒరిగి కూసున్నది. "నడుమా అవ్వా?" అన్న. గప్పుడు నవ్వింది, పన్ను సందుల నాలిక కనవడింది. "నడుమే. ఏం చేద్దునే, తాలూకల ఎదురుకాళ్లదాన్ని నేనొక్కదాన్నే. నన్ను నేను ఎట్ల తన్నుకోవాలె?" అన్నది.

నేను నవ్విన. అయ్యో, నేను నవ్విన. ఫోటో తీయిచ్చినవా అవ్వా అని నోట్లకెల్లి రాలె. నాకు ఆమె నేర్పిన మొదలు మాట అదే. మూడేండ్లల నాలాంటోళ్లను ఎంత మందిని అడుగుతుంటే ఇన్న నేను. ఆమెను అడగలె. సాయవ్వకు రోగం వస్తదని నా బుర్రకు తట్టలె. ఆ చెయ్యి ఉన్నన్ని దినాలు ఆమెకేం కాదు అనుకున్న.

లలిత నిజామాబాద్‌ల ఉంటది. సంక్రాంతి దాటినంక వచ్చి సూసి, బలవంతంగ దావఖానకు తీసుకపోయింది. రోగం ఎక్కడనో మొదలై ఎన్నుపూస దాక వచ్చింది. "ఇన్ని దినాలు ఏం చేసిండ్రమ్మా?" అని డాక్టర్ అడిగిండట. లలిత నాకు ఫోన్ల గదే మాట చెప్పి ఏడ్సింది. ఏం చేసినం? మెడలు వంచి ఆమె ముంగట కూసున్నం.

పోయే ముందటి దినం మధ్యాహ్నం నేను బోధన్‌ల ఇంట్ల ఆమె దగ్గరనే ఉన్న. లలిత గోలీలు తేనీకి పోయింది. సాయవ్వ గింత అయ్యింది, పరుపుల ఎక్కడున్నదో ఎతకాలె. నేను అడిగిన.

"మమ్ముల్ని తోలినవ్ గదవ్వా. నువ్వెందుకు పోలె?"

గోడ దిక్కు సూస్కుంట అన్నది, "మామ నడుము అనుకున్న బిడ్డా."

"ఏందవ్వా?"

"నేను తన్నిన నడుము. మామ పోయి ఎన్నేండ్లాయె. గా నొప్పి యాడికి పోతది? నా దగ్గరికే వచ్చింది అనుకున్న. సరిగ్గ గదే జాగల, నేను తన్నిన జాగల సురువైంది. వస్తే రానీ అనుకున్న. ఆయన అన్నేండ్లు మోసిండు, నేను జరన్ని దినాలు మొయ్యలేనా అనుకున్న."

ఊరంతకు బుగులు దించిన మనిషి. ఆమె లోపల పన్నెండేండ్ల పిల్ల గోడ పక్కకు నిలవడి, కింద పడ్డ మామను సూస్కుంట ఇంక గాడనే ఉన్నది. గా పిల్ల మీద చెయ్యి పెట్టినోళ్లు ఎవ్వరు లేరు. "అవ్వా, నువ్వు చిన్న పోరివి. తన్నుమన్నది ఆయన. మామనే చెప్పిండు గదవ్వా" అన్న. ఆమె కండ్లు మూసుకున్నది.

నేను చెయ్యి లేపిన. మెడకు బెత్తెడు దూరంల ఆపిన. "పెట్టాల్నా?" అన్న. తలకాయ ఊపింది. పెట్టిన. చల్లగ ఉన్నది మెడ. నాకు ఆ నిమ్మలం లేదు. చేతిని ఊకుండుమంటే ఊకుంటలేదు. బొటనవేలు చూపుడు వేలి మీద తిరుగుతున్నది, ఆకు లేని బీడీ చుడుతున్నది. ముప్పై ఏండ్ల అలవాటు. ఆపాలె అనుకున్నకొద్ది ఎక్కువైతున్నది.

"నీ వేళ్లు ఇంక కార్ఖానల్నే ఉన్నయే" అన్నది కండ్లు తెరువకుండనే.

"మాఫ్ చెయ్యి అవ్వా. నాకు వస్తలేదు."

"ఉండనీ. తియ్యకు." తర్వాత అన్నది, "రాజమణీ, నువ్వు ఊపిరి పట్టుకున్నవ్. ఊదు."

సావు మంచం మీద ఉండి నా ఊపిరి సూసింది. నేను ఊదిన. ఆమె గూడ ఊదనీకి సూసింది. ముక్కుల జరంత గాలి కదిలింది. లలిత వచ్చింది. పొద్దున బీడీలు అప్పజెప్పాలె, ఆకు తడిపి ఉన్నది, నేను లేసిన. "రేపు రా. హళూ రా" అన్నది సాయవ్వ. నేను హళూగనే వస్త అనుకున్న. లైన్ల నిలవడ్డ.

ఆమెను తీసుకపోయినప్పుడు ఎడపల్లి, బోధన్, క్యాంపులు, అన్ని దిక్కులకెల్లి ఆడోళ్లు వచ్చిండ్రు. మెడలు పట్టినోళ్లు, నడుములు పట్టినోళ్లు. అందరి భుజాలు చెవుల దాక లేసి ఉన్నయ్. నేను ఎనుకకెల్లి సూసిన. గంత మందిల ఒక్కరి భుజం దిగలె. గొలుసు ఆమె గూడ వచ్చింది, కొంగు నోట్ల కుక్కుకొని, "ఇప్పుడు మా గతేంటమ్మా?" అని ఎవరు కనవడితే వాళ్లను అడుగుతున్నది.

దినాలు అయినంక నేను ఆమె ఇంటికి పోయిన. తాళం ఏసి ఉన్నది. ఎందుకు పోయిననో తెల్వది, గడపల కూసున్న. జరసేపటికి ఒకామె వచ్చింది, చేతుల ఫోటోల సంచి. మాక్లూర్ కెల్లి రెండు బస్సులు మారి వచ్చిందట.

"సాయవ్వ ఇల్లు గిదేనా అక్కా?"

"గిదే."

"ఫోటోలు అన్ని తీయిచ్చిన. ఏం లేదన్నరు. ఆమె మొదలు గదే అడుగుతదట గద? అన్ని తెచ్చిన" అని సంచి సూపెట్టింది. "తాళం ఉన్నదేంది? ఎప్పుడొస్తది? పర్వాలేదు, నేను కూసుంట."

నేను చెప్పిన. ఆమె ఏడ్వలె. తాళం దిక్కు సూసి, ఏ బస్సు ఎక్కాలె అని అడిగినట్టు అడిగింది, "మరి నేను ఎటు పోవాలె అక్కా?"

నేను చెయ్యి లేపి, "పెట్టాల్నా?" అన్న. ఊపింది. పెట్టిన. నా బొటనవేలు తిరిగింది.

"వణుకుతున్నదక్కా నీ చెయ్యి."

"అవు. నాకు రాదమ్మా. సాయవ్వకు వచ్చు."

బస్సు టైము దాక గట్లనే కూసున్నం. ఊదుమని చెప్పిన, ఆమె ఊదింది, నేను గూడ ఊదిన. దిగిందా అని నేను అడగలె. ఆమె చెప్పలె. లేసి సంచి సంకకు ఏసుకొని పోయింది. మూల మలిగేదాక సూసిన. భుజాలు వచ్చినప్పుడు ఎక్కడున్నయో గాడనే ఉన్నయ్.

సాయవ్వా, నీకు దండం. పెద్దోళ్ల లెక్క నాకు మాటలు రావు. నీ కాళ్లకు దండం, తన్నకుండ ఆపుకున్న కాళ్లకు. నీ చేతికి దండం, అడిగి పెట్టిన చేతికి. నన్ను నేర్చుకో నేర్చుకో అంటుంటివి, ఆకు ఆరిపోతున్నదవ్వా, రేపు నేర్చుకుంట అంటుంటి. మామ నొప్పి నీది కాదని నీకు ముందే చెప్పేటోళ్లు ఉంటే నువ్వు ఉంటుంటివి. నిన్ను అడగాల్సిన ఒక్క మాట నేను అడగలె. గిది రాసి నీకు సదివి ఇనిపిద్దమన్నా నువ్వు లేవు.

కుడి చేత్తోని రాస్తున్న. ఎడమ చెయ్యి నా మెడ మీద నేనే పెట్టుకున్న. వేళ్లు ఆగుతలెవ్వు. ఊదుతున్న అవ్వా. ఇంక దిగలె.